మెడ బెల్టు విప్పి మాట్లాడిన రోజులు

మెడకు దెబ్బ తగిలినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందుగా ఒక మాట. ఫోన్ కళ్ళకెదురుగా పట్టుకుని చదవండి, తల వంచకండి. రెండో మాట, మీ బెల్టు డాక్టరు తీయమన్నప్పుడే తీయండి. నేను ముందే ఎందుకు తీశానో వింటే మీకు నవ్వొస్తుంది. నాకైతే ఆ నవ్వు ఇప్పుడిప్పుడే మొదలైంది.

నా పేరు పద్మ. సుల్తానాబాద్‌లో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. వయసు నలభైకి దగ్గర పడింది. రోజూ పొద్దున్నే మిల్లుకు పోయే ముందు, ఊరి చివరి గ్రౌండులో, అడ్డంగా పెట్టిన బార్ కింద పడకుండా దాని మీంచి దూకే హైజంప్ చేస్తాను. చేస్తాను అని రాశాను గానీ, చేసేదాన్ని అని రాయాలి. అది రాయడానికి చెయ్యి ఇంకా అలవాటు పడలేదు.

బడిలో ఉన్నప్పుడు దూకేదాన్ని. పెళ్ళయ్యాక మానేశాను. కూతురు హాస్టల్లో చేరాక ఇల్లు ఖాళీ అయింది, కాళ్ళు ఊరుకోలేదు. వయసు మీరినవాళ్ళకు మాస్టర్స్ పోటీలని ఉంటాయని తెలిసి మళ్ళీ మొదలుపెట్టాను. మా ఆయన శ్రీనివాస్ షార్జాలో ఏసీ మెకానిక్. రెండేళ్ళకోసారి వస్తాడు. ఇంట్లో నేనూ, మా అత్తమ్మ రాజవ్వ. అత్తమ్మ గడపలో కూర్చుని బీడీలు చుడుతుంది. "కోడలు యాడికి వోయింది?" అని ఎవరైనా అడిగితే, "ఎగురవోయింది" అని చెప్పేది. అందులో వెక్కిరింపు సగం, గర్వం సగం ఉండేవని నేను అనుకునేదాన్ని.

మా ఆయనకు మాత్రం ఇష్టం లేదు. కిందటిసారి విమానం ఎక్కబోతూ కూడా అదే మాట. "ఆ దునుకుడు బంజెయ్యే. నీకేమన్నయితే నేను యాడికెళ్ళి ఉరికి రావాలె?" నేను నవ్వి ఊరుకున్నాను.

జులై

ముందురోజు వాన పడింది. మా దగ్గర మందపాటి ఫోమ్ పరుపులు రెండు ఉండేవి. వాటిని పక్కపక్కన పెట్టి నైలాన్ తాడుతో బిగించి, వాటి మీద పడేవాళ్ళం. తడిసిన తాడు ముడి జారింది. నేను వెల్లకిలా బార్ దాటి పడేసరికి పరుపులు చెరో పక్కకు జరిగాయి, ఆ సందులో తల నేలకు తగిలింది.

నొప్పి వెంటనే రాలేదు. ముందు వచ్చింది భయం. చేతులు ఉన్నాయో లేదో తెలియలేదు. కదలండి, కదలండి అని వేళ్ళను బతిమాలుకుంటుంటే కాసేపటికి అరచేతుల్లో చీమలు పాకినట్టయింది. చీమలు పాకితే అంత సంతోషపడ్డది నా బతుకులో అదొక్కసారే.

నాతోపాటు పరిగెత్తే సుజాత ఏడుస్తూ వచ్చి నా తల పట్టుకుంది. "లేవకే పద్మా, కదలకు" అంటూనే ఉంది. గ్రౌండులో నడుస్తున్న పెద్దమనిషి ఒకాయన, "ఏం గాదు, జర లేపి కూసోవెట్టుండ్రి, నీళ్ళు తాపుండ్రి" అన్నాడు. లేపి కూర్చోబెట్టారు. నీళ్ళు తాగించారు. బండి మీద ఇద్దరి మధ్యన ఇరికించి తీసుకుపోయారు. అందరూ ప్రేమతోనే చేశారు. ఆ ప్రేమతో నేను చచ్చిపోయేదాన్నని కరీంనగర్ డాక్టరు తర్వాత చెప్పాడు. అలా పడ్డవాళ్ళను లేపకండి. అంబులెన్సుకు ఫోన్ చేసి, పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి, చాలు.

మెడలో ఒక ఎముక చిట్లింది. పక్కకు జరగలేదు కాబట్టి ఆపరేషన్ వద్దన్నారు. గట్టి బెల్టు పెట్టి, రాత్రీ పగలూ తీయకూడదన్నారు. తల వెనక చీరుకుపోయిన చోట కుట్లు వేయడానికి సగం జుట్టు గొరిగారు. ఇంటికొచ్చాక మిగిలిన సగం కూడా అత్తమ్మే తీయించేసింది. "సగం గుండు దేనికి, నిండు గుండైతే జర మర్యాద" అంది.

దవాఖానలో మంచం పక్కకు వచ్చినప్పుడు మాత్రం అత్తమ్మ మొదటి మాట ఇది: "శీనుకు చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. ఆడ ఒక్కడే ఉన్నడు, పరేషాన్ అయితడు. తగ్గినంక నిమ్మళంగ చెప్దాం."

మా గల్లీలో సగం ఇళ్ళ మగవాళ్ళు దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో ఉంటారు. ఇక్కడి నుంచి అక్కడికి పోయే కబుర్లలో ఎవరికీ జలుబు కూడా చేయదు. అత్తమ్మ కాలు విరిగినప్పుడు కట్టు విప్పాకే కొడుక్కి చెప్పారు. పక్కింట్లో ముసలాయన పోతే, పోయాడని కాదు, బాగోలేదని చెప్పి కొడుకును విమానం ఎక్కించారు. దూరాన ఉన్నవాడికి బాధ తెలియనివ్వకపోవడమే మాకు ప్రేమ. అది నాకూ అలవాటే. పైగా "చెప్పిన్నా లేదా?" అనే మాట వినే ఓపిక నాకు లేదు. అందుకని సరే అన్నాను.

"మరి ఈ సగం గుండు?" అని అడిగాను.

అత్తమ్మ క్షణం ఆలోచించలేదు. "ఎములాడ రాజన్న గుడికి వోయి మొక్కు అప్పజెప్పినమని చెప్పు."

"ఏం మొక్కు?"

"ఏదో ఒకటి. రాజన్నకు తెల్వదా ఏంది మన కథ?"

ఆయన డ్యూటీ దిగి రోజూ సాయంత్రం వీడియో కాల్ చేస్తాడు. ఆ వేళకు అత్తమ్మ నన్ను గోడకు ఆనించి కూర్చోబెట్టి, మడిచిన దుప్పటి మెడ వెనక దోపి, బెల్టు పట్టీలు చర్రున లాగి విప్పేది. పైన కొంగు కప్పేది. బెల్టు తీసిన మరుక్షణం తల బండరాయిలా బరువెక్కేది. అది ముందుకు జారిపోతుందేమోనని పళ్ళు బిగించి నవ్వేదాన్ని.

మొదటి రోజు ఆయన నా గుండు చూసి పగలబడి నవ్వాడు. "ఏందే గిది! గుర్తువట్టలే నిన్ను." తర్వాత నవ్వు ఆపి, "ఎవరికోసం మొక్కినవే?" అన్నాడు.

"నీకోసమే" అన్నాను. ఆయన ఫోన్ దగ్గరికి జరుపుకుని నా గుండును మళ్ళీ చూశాడు. నాకు సిగ్గేసింది. కానీ ఫోన్ పెట్టగానే మెడ నొప్పి ఆ సిగ్గును మరిపించింది.

ఆగస్టు

మంచం, పైన ఫ్యాను. ఫ్యాను రెక్క మీద దుమ్ము చార ఒకటి ఉండేది. తుడవాలని ఉండేది, తుడవలేను. గడపలో అత్తమ్మ కత్తెరతో తునికాకు కత్తిరించే చప్పుడు ఒక్కటే తోడు.

మొదటి వారం ఇంటి నిండా జనం. నడుం పట్టినవాళ్ళను ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు కాలితో తాకితే పోతుందని మా వైపు నమ్మకం. మూడిళ్ళ అవతలి లక్ష్మి అలాంటి వాళ్ళ వదినను వెంటబెట్టుకొచ్చింది. "నడుముకే గాదు, మెడకు గూడ పనిచేస్తదవ్వా, ఒక్క తన్ను" అంది. అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టి లేచింది. "డాక్టరు ఏలు గూడ పెట్టద్దన్నడు, నువ్వు కాలు వెడ్తవా? ముందుగాల నీ మొగని నడుం తన్ను, పో" అని ఇద్దరినీ గేటు దాటించింది. నవ్వితే మెడ అదురుతుంది కాబట్టి నవ్వకుండా ఉండడానికి నానా తంటాలు పడ్డాను.

రెండో వారం నుంచి రాకపోకలు తగ్గాయి. వచ్చినవాళ్ళు కూడా అందరూ ఒకటే మాట. "పానం దక్కింది, కాళ్ళు చేతులు మంచిగున్నయి. ఆటనే గదా, పోతే పోయింది." ఉద్యోగం పోతే ఓదార్చడానికి మాటలున్నాయి. గొడ్డు చచ్చిపోయినా వచ్చి కూర్చుంటారు. ఆట పోతే ఏమనాలో ఎవరికీ తెలియదు. పెళ్ళయి, పిల్ల పుట్టి, తల నెరుస్తున్న ఆడమనిషికి అసలు ఆట ఉండడమే వాళ్ళకు వింత. నేను తల ఊపలేను కాబట్టి ఔననీ కాదనీ అనకుండా తప్పించుకునేదాన్ని.

సుజాత రెండుసార్లు వచ్చింది. తర్వాత రాలేదు. బెల్టు చూస్తే ఆమెకు ఆ పొద్దు కళ్ళ ముందు ఆడేదేమో, కూర్చున్నంతసేపూ గోడకేసి చూసేది. మా ఆటల వాళ్ళ వాట్సాప్ గ్రూపులో నిర్మల్‌లో జరిగిన పోటీల ఫోటోలు వచ్చాయి. మెడల్లో పతకాలు, పక్కన సమోసాలు. నేనున్నప్పుడు ఎంత నవ్వేవాళ్ళో అప్పుడూ అంతే నవ్వుతున్నారు. నవ్వకూడదని కాదు. కానీ నేను లేని లోటు ఎక్కడైనా కనిపిస్తుందేమోనని ఒక్కో ఫోటో పెద్దది చేసి వెతికాను. కనిపించలేదు. ఆ గ్రూపు మళ్ళీ తెరవలేదు.

సెప్టెంబరు

కరీంనగర్ దవాఖానలో మా వంతు కోసం కూర్చున్నాం. అత్తమ్మ చీటీ కోసం లైన్లో ఉంది. మెడకు బెల్టు ఉన్నవాళ్ళకు పక్కన కూర్చున్న మనిషి ఉండడు, గొంతు మాత్రమే ఉంటుంది. నా కుడి పక్క నుంచి ఒక ముసలి గొంతు, "ఏమైంది బేటీ?" అంది. ఎదురుగా గోడను చూస్తూ జవాబు చెప్పాను. ఆ మనిషికి నా ఇబ్బంది అర్థమైంది. తన కుర్చీ గరగరా ఈడ్చుకుంటూ వచ్చి నాకెదురుగా వేసుకుంది. నల్ల బురఖా, కళ్ళద్దాలు, ఒళ్ళో టిఫిన్ డబ్బా.

"నువ్వు తిరుగలేవు గదా, నేనే నీ ముంగట కూసుంట" అంది.

ఆమె కొడుకు సెంట్రింగ్ పని చేస్తూ పైనుంచి పడ్డాడట. లోపల ఉన్నాడు. నన్ను ఎలా పడ్డావని అడిగింది. దూకుతుంటే పడ్డానన్నాను.

"బాయిలకా?" అంది, బావిలో దూకాననుకుని.

"కాదమ్మా, పైకి. ఊరికెనే పైకి దునుకుతం."

ఆమె కాసేపు ఆలోచించింది. "మంచిగుంటదా గట్ల దునికితే?"

"మంచిగుంటది."

"అచ్ఛా" అంది, నిజంగానే ఒక కొత్త సంగతి తెలుసుకున్నట్టు. డబ్బా మూత తీసి ఖద్దూ కా ఖీర్, అదే సొరకాయ పాయసం, ఒక చెంచా నా నోటికి అందించింది. తల వంచకుండా తినిపించడం ఆమెకు బాగా తెలుసు. నన్ను పిలిచేదాకా ఆమె నా ముందు నుంచి లేవలేదు. పేరు అడగలేదే అని ఇప్పటికీ బాధపడతాను.

లోపల డాక్టరు ఎక్స్‌రే ఫోటోను వెలుతురుకు పట్టి చూశాడు. మొహం చిట్లించాడు. "అతకాల్సినంత అతకలేదు. బెల్టు తీస్తున్నారా?"

అత్తమ్మ పైట చెంగు నలిపింది.

"జరంతసేపే సారూ" అంది చివరికి. "పొద్దుమూకి, ఫోన్ల మాట్లాడెటప్పుడు."

డాక్టరుకు ముందు అర్థం కాలేదు. అయ్యాక తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఎముక జరిగితే మెడ కింది భాగమంతా పడిపోతుందని, మళ్ళీ లేవడం ఉండదని మాత్రం విడమరిచి చెప్పాడు. బెల్టు ఇంకా పొడిగించాడు. దూకడం గురించి అడుగుదామని వెళ్ళినదాన్ని, అడగకుండానే వచ్చేశాను. బస్సులో అత్తమ్మ నా చెయ్యి వదల్లేదు. ఆ సాయంత్రం నుంచి ఫోన్ కెమెరా పాడైందని ఆయనకు చెప్పాం. ఇక మాటలే, మొహాలు లేవు.

బతుకమ్మ

మా పిల్ల హాస్టల్ నుంచి సెలవులకు వచ్చింది. వాళ్ళ నాన్నకు ఏమీ చెప్పొద్దని దానికీ నేర్పాం. తప్పని తెలిసీ నేర్పాం. తంగేడు పూలు తెచ్చి అదీ అత్తమ్మా కలిసి బతుకమ్మను పేర్చారు.

చివరి రోజు, సద్దుల నాడు, నన్ను కూడా తీసుకెళ్ళి ముసలమ్మల వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆడవాళ్ళంతా వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. బతుకమ్మలు నేల మీద ఉంటాయి. బెల్టు వల్ల నాకు నేల కనిపించదు. పాట వినిపిస్తోంది, పూల వాసన వస్తోంది, ఒంగి లేచే తలలు కనిపిస్తున్నాయి, మధ్యలో ఏ పూలున్నాయో తెలియదు. లేచి వెనక్కి జరిగితే కనిపిస్తాయనుకుని లేచాను. "కూసో పద్మా, కూసో, పడ్తవ్" అని నలుగురు ఒకేసారి అరిచారు. కూర్చున్నాను. అంతమంది మధ్యలో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను.

నవంబరు

కెమెరా పాడైందన్న అబద్ధం మా మెడకే చుట్టుకుంది. గల్ఫ్‌లో ఉన్నవాడికి ఇంట్లో ఫోన్ పాడైందని చెబితే ఊరుకుంటాడా? హుజూరాబాద్ నుంచి వెళ్ళి ఆయన గదిలోనే ఉంటున్న మల్లేశం సెలవు మీద వస్తుంటే, కొత్త ఫోన్ ఇచ్చి పంపాడు. మల్లేశం గేటు దగ్గర బండి ఆపేసరికి అత్తమ్మ నన్ను నడిమింట్లోకి నెట్టి పరదా లాగింది.

"పద్మ మిల్లుకు వోయింది బిడ్డా" అని వాకిట్లో చెబుతోంది. నేను పరదా వెనక మంచం మీద, మెడకు బెల్టుతో, ఊపిరి కూడా చిన్నగా తీస్తూ కూర్చున్నాను. నా మొగుడు ఎలా ఉన్నాడో పరాయి మనిషి చెబుతుంటే దొంగలా విన్నాను. సన్నబడ్డాడట. దగ్గు తగ్గిందట.

"ఇంగొకటవ్వా," అన్నాడు మల్లేశం. "శీనన్న సోమారం రాజన్న వారమని నీసు ముడ్తలేడు. మేమందరం బిర్యాని తింటే ఆయినె పెరుగన్నం తింటడు. వదినె నాకోసం గుండిచ్చింది, నేను గీ మాత్రం చెయ్యనా అంటడు."

అత్తమ్మ చాయ్ పెడతానని లేచింది గానీ పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయనకు మాంసం లేకపోతే ముద్ద దిగదు.

మల్లేశం వెళ్ళాక అత్తమ్మ ఫోన్ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "తప్పు జేసినం బిడ్డా" అంది. చాలాసేపు అక్కడే నిలబడింది. ఆ రోజే చెప్పి ఉండాల్సింది. బెల్టు తీశాక, బాగైన మొహంతో చెబుదామనుకున్నాను. అప్పటిదాకా నెట్ సరిగా లేదని చెప్పి మాటలతోనే నెట్టుకొచ్చాం.

డిసెంబరు

బెల్టు తీశారు. మెడ చేతికి తగిలితే ఎవరిదో అనిపించింది. ఈసారి అడిగాను. డాక్టరు మంచివాడే, కళ్ళల్లోకి చూసే చెప్పాడు. నడవొచ్చు, కొన్నాళ్ళకు మెల్లగా పరిగెత్తొచ్చు. దూకడం ఇక లేదు. ఎప్పటికీ.

బయట అత్తమ్మ, "రాజన్న దయ" అని చెంపలు వేసుకుంది. ఇంటికొస్తే గల్లీలో అందరికీ సంతోషమే. "ఇంగ ఫికర్ లేదు" అన్నారు. "మంచిదే అయింది తియ్యి, ఇంగ ఆ ఎగురుడు ఉండదు" అన్నారు. వాళ్ళ సంతోషం తప్పు కాదు. కానీ బెల్టు ఉన్నన్నాళ్ళూ, తీసేస్తే దూకుతానని ఆశ ఉండేది. బెల్టుతోపాటు దాన్నీ తీసేశారు. మిల్లుకు పోవడం మొదలుపెట్టాను. గ్రౌండు దారి వదిలి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని.

జనవరి

కొత్త ఫోన్‌లో ఒక సాయంత్రం మాట్లాడుతున్నాం. అత్తమ్మ వెనక నుంచి పిలిచింది. నేను భుజాలతో సహా మొత్తం తిరిగాను.

"అట్ల తిరుగుతున్నవేందే?" అన్నాడు ఆయన. "మెడ పట్టిందా?"

చెప్పేశాను. తాడు, పరుపులు, ఎముక, బెల్టు, పరదా వెనక కూర్చున్నది కూడా.

"మరి మొక్కు?" అన్నాడు.

"అబద్ధం."

"గిన్ని నెలలు నేను పరాయోన్నైనా?"

"నువ్వు దూరం ఉన్నవని..."

"దూరం నేను వోయిన్నా, మీరు వెట్టిండ్రా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాడు.

తర్వాత చాలా రోజులు ఆయన నుంచి ఫోన్ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. అత్తమ్మ చేస్తే "మంచిగున్న" అని పెట్టేసేవాడు. వేళ్ళు కదలని ఆ క్షణం తప్ప, ఈ మొత్తంలో నేను అంత భయపడ్డది ఆ రోజుల్లోనే. ఎముక అతుకుతుందని చెప్పడానికి డాక్టరున్నాడు. దీనికి ఎవరున్నారు?

ఒక మధ్యాహ్నం మిల్లులో ఉండగా ఫోన్ మోగింది. ఆయనే. ఆ వేళప్పుడు ఎప్పుడూ చేయడు. యంత్రాల చప్పుడుకు వినిపించదని బయటికొచ్చి, ఊక కుప్పల పక్కన గోడ నీడలో నిలబడ్డాను.

"తిన్నవా?"

"తిన్న."

అటు ఎవరో హిందీలో అరుస్తున్నారు.

"ఇంగ దునుకద్దన్నరా?"

"ఇంగ ఎప్పటికి వద్దన్నరు."

మంచిదే అయింది అంటాడనుకున్నాను. అనడానికి ఆయనకు అందరికంటే ఎక్కువ హక్కుంది. ఆ మాట కోసం ఒళ్ళు గట్టిచేసుకుని ఎదురుచూశాను.

"మరి ఆ పొద్దు దునికినప్పుడు," అన్నాడు ఆయన, "గా కట్టె పడ్డదా?"

నేను గోడకు చెయ్యి ఆనించాను. అడిగింది అర్థం కాలేదనుకున్నట్టున్నాడు. "గదే, మీరు దాటే కట్టె. నీ కాలు తాకి పడ్డదా అని."

"పడలే" అన్నాను. "కింద పడి చూస్తే మీదనే ఉండె. జర ఊగింది గని పడలే."

"ఎంతెత్తుండె?"

"నా భుజాల కాడికి."

"అబ్బో" అన్నాడు.

అంత ఎత్తు నేను అంతకుముందు ఎప్పుడూ దాటలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్ళు లేరు. ఫోన్ చెవికి పెట్టుకుని ఊక కుప్పల పక్కన గట్టిగా ఏడ్చాను. నేను ఆపేదాకా ఆయన ఫోన్ పెట్టలేదు.